తరిగొండ నుంచి తుంబురు కోన దాకా

తిరుమలకి పోయొచ్చిన వాళ్లంతా కొండెక్కి వచ్చామనే చెప్తారు. బస్సులో కిటికీ పక్కన కూచుని మలుపులు లెక్కపెట్టుకుంటూ పోయినా అదీ ఎక్కడమే. కానీ కొండ గుడి దగ్గరే అయిపోదండీ. గుడికి ఉత్తరంగా శేషాచలం అడవి మైళ్ల కొద్దీ పరుచుకునుంది. పాపవినాశనం దగ్గర రోడ్డు ఆగిపోతుంది. అక్కణ్ణుంచి తుంబురు తీర్థానికి ఏడు కిలోమీటర్ల పైచిలుకు నడక. ఏటా ఫాల్గుణ పౌర్ణమికి అక్కడ ముక్కోటి జరుగుతుంది. మనబోటి వాళ్లకి ఆ అడవిలో అడుగుపెట్టే వీలు అప్పుడే.

పెళ్లయిన కొత్తలో మా అత్తగారి వైపు వాళ్లతో కలిసి నేనూ ఒకసారి పోయాను. చిత్రాన్నం మూటా, నీళ్ల చెంబూ, చేతిలో కర్ర. సగం దారిలోనే నా చెప్పు తెగింది. బండల మీద రెండుసార్లు జారాను. తీరా కోన చేరాక ఆ నొప్పంతా మర్చిపోయాను. కొండని ఎవరో నిలువునా చీల్చి రెండు చెక్కలూ అటొకటి ఇటొకటి నిలబెట్టినట్టుంటుంది. మధ్యలో సన్నటి సందు, సందులో చల్లటి నీళ్లు. ఆ నీళ్లలోనే నడుచుకుంటూ లోపలికి పోవాలి. తలెత్తి చూస్తే ఆకాశం చీరంచంత వెడల్పున కనిపించింది. చుట్టూ వందల మంది గోవింద కొడుతున్నా నాకు కాళ్లు వణికాయి. మాతో వచ్చిన ఒక పెద్దావిడ, తరిగొండ వెంగమాంబ ఏళ్ల తరబడి ఒంటిగా ఉండింది ఇక్కడేనని చెప్పింది. ఆ మాట విన్నాక ఆవిడ జీవితం గురించి దొరికినవన్నీ చదివాను.

వెంగమాంబ 1730లో పుట్టింది. పాత చిత్తూరు జిల్లాలో వాయల్పాడుకీ గుర్రంకొండకీ దగ్గర్లో ఉంది తరిగొండ. ఊరి దేవుడు లక్ష్మీనరసింహస్వామి. చల్ల చిలుకుతున్న ఇల్లాలి తరికుండలో స్వామి వెలిశాడనీ, అందుకే ఊరికా పేరొచ్చిందనీ చెప్పుకుంటారు. తండ్రి కానాల కృష్ణయ్య, తల్లి మంగమాంబ. నందవరీక బ్రాహ్మణులు. ఆనాటి ఆచారం ప్రకారం పసితనంలోనే పెళ్లి చేశారు. కాపురం ఎరగకుండానే భర్త పోయాడు.

ఆ కాలంలో అలాంటి పిల్లకి ఏం రాసిపెట్టి ఉండేదో మన అమ్మమ్మల తరం దాకా అందరికీ తెలుసు. గుండు, ముతక పంచె, వంటింటి మూల. వెంగమాంబ ఒప్పుకోలేదు. తన భర్త వేంకటేశ్వరుడేననీ, తాను ముత్తైదువనేననీ చెప్పి బొట్టూ గాజులూ జుట్టూ అలాగే ఉంచుకుంది. ఊరివాళ్లు తండ్రిని నిలదీశారు. ఒక పీఠాధిపతి వచ్చినప్పుడు పంచాయితీ ఆయన దాకా పోయిందనీ, బలవంతాన గుండు చేయిస్తే నదిలో మునిగి లేచేసరికి జుట్టు మళ్లీ వచ్చిందనీ కథ ఉంది. నమ్మేవాళ్లు నమ్ముతారు. నాకు మాత్రం ఆ కథలో మహిమ కన్నా పంచాయితీయే ఎక్కువ కనిపిస్తుంది. ఒక ఆడపిల్ల జుట్టు కోసం ఊరంతా కూడబలుక్కోవడం!

తండ్రి మాత్రం మంచి పని చేశాడు. కూతురి ధోరణి చూసి మదనపల్లెలో రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి గారికి అప్పగించాడు. ఆయన దగ్గర యోగవిద్య నేర్చుకుంది. గురువు దగ్గర ఓనమాలు దిద్దలేదని తర్వాత తన కావ్యంలో తనే చెప్పుకుంది గానీ, తరిగొండలో ఉండగానే నరసింహ శతకం, శివనాటకం, బాలకృష్ణ నాటకం, రాజయోగామృతసారం రాసేసింది. యక్షగానం, ద్విపద, శతకం, ఏదీ వదల్లేదు.

ఇంట్లో చోటు లేక గుడిలో కూచునేది. ఆంజనేయస్వామి విగ్రహం వెనక ధ్యానంలో ఉండగా పూజారి చూసి కోపంతో బయటికి ఈడ్చాడట. ఆ తర్వాతే ఊరు విడిచింది, తిరుమల దారి పట్టింది.

ఆ రోజులెలాంటివో ఒకసారి గుర్తు చేసుకోండి. గుర్రంకొండ కోట ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి పోతున్న కాలం. హైదరాలీ సైన్యాలు ఈ దారుల్లోనే తిరిగాయి, 1782లో ఆయన కన్నుమూసింది కూడా చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేటలోనే. తిరుమల గుడి రాబడి ఆర్కాటు నవాబు లెక్కల్లో ఉండి, 1801లో కుంపిణీ చేతికి పోయింది. కొండకి మోటారు రోడ్డు పడింది 1944లో కాబట్టి ఎక్కాలంటే నడక, లేదంటే డోలీ. తోడు లేని ఆడమనిషి ఇలాంటి నేల మీద బయలుదేరింది.

పైన హథీరాంజీ మఠం మహంతు ఆత్మారాందాసు ఆదరించాడు. తాళ్లపాక అన్నమయ్య వంశం వాళ్లు ఉండడానికి చోటిచ్చారు. హమ్మయ్య అనుకునేలోపే పక్కింటితో తగువొచ్చింది. పొరుగున ఉన్న ఒక అర్చకుడు రోజూ ఎంగిలి విస్తళ్లు గోడ మీంచి ఆవిడ వాకిట్లోకి పడేసేవాడట. ఎన్ని శాపనార్థాల కథలు కల్పించినా, అసలు బాధ మనకి అర్థమవుతుంది. పొద్దున్నే ఊడ్చి ముగ్గేసిన వాకిట్లో ఎంగిలాకులు పడితే రాయడానికి మనసెక్కడుంటుంది?

అప్పుడు వెంగమాంబ కిందికి దిగిపోలేదు. ఇంకా లోపలికి, తుంబురు కోనకి నడిచింది. మనుషుల్లేని చోటు. ఎర్రచందనం, వెదురు, బండలు, ఏనాడూ ఎండపొడ సరిగా పడని ఆ సందు. చిరుతపులులు తిరిగే అడవి. తిండికి ఏం తినేదో, వానాకాలంలో వాగు పొంగితే ఏ గుహలో తలదాచుకునేదో! చలిమంట వేసుకోవడానికి కట్టెలు కూడా తనే ఏరుకోవాలి కదా. ఆ కోనకి ఇంకో కథ కూడా ఉంది. మాఘస్నానానికి బద్ధకించిందని తుంబురుడు తన భార్యని కప్పవై పొమ్మని శపిస్తే, ఆవిడ ఈ నీళ్ల దగ్గర్లోనే ఒక చెట్టు తొర్రలో పడుండి, అగస్త్యుడి మాటలు విని విముక్తి పొందిందట. మొగుడి శాపానికి కప్ప అయిన మనిషి చోటులోనే, మొగుడు లేడని శపించబడ్డ ఇంకో మనిషి వచ్చి తలెత్తుకుని కూచుంది.

కోన నుంచి గుడికి సొరంగం ఉందనీ, రాత్రిళ్లు ఆ దారిన వచ్చి స్వామికి పూజ చేసి తెల్లారేలోగా వెళ్లిపోయేదనీ అంటారు. పొద్దున తలుపు తీస్తే పూజ చేసిన ఆనవాళ్లు అర్చకులకి కనిపించేవట. నాకైతే సొరంగం కన్నా నడకే గొప్పగా తోస్తుంది. రాత్రిపూట ఆ బండల మీద, ఒక్కత్తీ.

ఏళ్ల తర్వాత పిలుపు వచ్చి మళ్లీ తిరుమల చేరింది. అప్పటికి గౌరవం పెరిగింది. రాత్రి ఏకాంతసేవలో తాళ్లపాక వారి లాలి తర్వాత ఆవిడ పేరున ముత్యాల హారతి ఇవ్వడం మొదలైంది. ఇప్పటికీ జరుగుతోంది. రాతా జోరుగా సాగింది. చెంచు నాటకం, రుక్మిణీ నాటకం, ద్విపద భాగవతం, వాసిష్ఠ రామాయణం, అష్టాంగయోగసారం, అన్నిటికన్నా పేరొచ్చిన వేంకటాచల మాహాత్మ్యం. శ్రీనివాసుడు పద్మావతిని పెళ్లాడిన కథని మన ఇళ్లల్లో ఆడవాళ్లు చదువుకున్నది ఎక్కువగా ఆవిడ పుస్తకంలోంచే. చెంచుల పిల్ల కథ రాసేటప్పుడు అడవి గురించి ఆవిడని ఎవరూ మభ్యపెట్టలేరు లెండి.

ఇంకో పని కూడా పెట్టుకుంది. మెట్లెక్కి అలసి వచ్చినవాళ్లకి అన్నం, వేసవిలో చలివేంద్రం. నరసింహ జయంతికి పెద్ద ఎత్తున సంతర్పణ. దీనికోసం దూరప్రాంతాల వాళ్లు కూడా భూములూ డబ్బూ రాసిచ్చిన దానపత్రాలున్నాయి. 2011లో తిరుమలలో కట్టిన పెద్ద అన్నప్రసాద భవనానికి మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరు పెట్టింది అందుకే.

1808లో షమొనీ ఊరి పేదింటి మనిషి మారీ పారడిస్ ఆల్ప్స్ పర్వతాల్లో మాంట్ బ్లాంక్ శిఖరం ఎక్కింది. ఆ శిఖరం ఎక్కిన మొదటి ఆడమనిషి ఆవిడే. అప్పటికి మన వెంగమాంబకి 78 ఏళ్లు, కొండ మీదే ఉంది. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలిసే వీలే లేదు.

1817 శ్రావణ శుద్ధ నవమి నాడు వెంగమాంబ తిరుమలలోనే సమాధి అయింది. ఆ బృందావనం ఇప్పుడు అక్కడి స్కూలు ఆవరణలో ఉంది. పోయినసారి దర్శనం అయ్యాక లడ్డూల క్యూలో మావారిని నిలబెట్టి నేనూ మా అమ్మాయీ వెతుక్కుంటూ పోయాం. మేం వెళ్లేసరికి అక్కడ ఇంకెవరూ లేరు. మా అమ్మాయి తలనీలాలిచ్చిన గుండు మీద చెయ్యి పెట్టుకుని, జుట్టు తీయించుకోనని పట్టుబట్టింది ఈవిడేనా అమ్మా అని అడిగింది. అవునన్నాను.