డోర్నకలు అజరయ్య

మన ప్రాంతమున రైలెక్కినవారిలో డోర్నకలు కూడలి నెరుగనివా రుండరు. ఇల్లెందు, కొత్తగూడెముల బొగ్గుగనుల వైపు పోవు మార్గము పెద్దమార్గమునుండి చీలునది అచ్చటనే. బండి మారుటకై అచ్చట కాచుకొన్నవారిలో ననేకులు ఆ యూరి పెద్ద క్రైస్తవదేవాలయమును చూచియే యుందురు. మండపస్తంభములు మన గుళ్ళను, గుండ్రని గుమ్మటములు మసీదులను జ్ఞప్తికి తెచ్చు నా కట్టడమును కట్టించినవాడు దొర కాడు, తెలుగువాడును కాడు. ఆయన వేదనాయకం సామ్యూల్ అజరయ్య. ముప్పదియైదవ యేట మన దేశమునకు వచ్చి, తిరిగి తన దేశమునకు కాపురము పోనివాడు.

అజరయ్య 1874 ఆగస్టు 17వ తేదీన తిరునల్వేలి మండలమందలి వెళ్ళాలన్‌విళై యను గ్రామమున జన్మించెను. తండ్రి గ్రామపురోహితుడు. వారిది నాడారు కులము. తాటిచెట్లెక్కుట వృత్తిగాగల ఆ కులమువారిని పైకులములవారు గుడి వాకిట నిలువనీయని దినము లవి. బాల్యముననే తండ్రి గతించెను. చెన్నపట్టణపు క్రైస్తవ కళాశాలలో గణితము చదివెను గాని, కడపటి పరీక్షవేళకు జబ్బుపడుటచే పట్టా చేతికి రాలేదు. 1895లో వై.యం.సి.ఎ. కార్యదర్శిగా కొలువున చేరెను. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడెను. ఆనాడు కళాశాల మెట్టెక్కిన క్రైస్తవ స్త్రీలు బహు కొలదిమంది. ఆమె వారిలో నొకతె. కట్నము లేదు, ఆర్భాటము లేదు.

1902లో ఆయన సింహళమునకు పోయెను. అచ్చటి జాఫ్నాలో తమిళ క్రైస్తవులు తమలో తామే చందాలు వేసికొని, తమవారినే బోధకులుగా సముద్రమీవలి భారతతీరమునకు పంపుచుండుట కన్నులార చూచెను. తిరునల్వేలి సంఘములు అంతకంటె పాతవి, పెద్దవి. అయినను దొరల సొమ్ముతో, దొరల పెత్తనమున బ్రదుకుటయే వానికి అలవాటు. ఈ చూపు ఆయనను సుఖముగా నుండనీయలేదు. మరుసటి యేడు, 1903లో, తిరునల్వేలి భారత మిషనరీ సంఘము ఏర్పడెను. ధనము మనది, మనుష్యులు మనవారు, నిర్వాహము మనది యనునదే దాని నియమము. ఆ సంఘము తన పనికి ఎన్నుకొన్నది నైజాము రాజ్యమందలి మన మానుకోట, డోర్నకలు ప్రాంతము. 1905లో శ్రీరామపురమున అఖిలభారత సంఘ మొకటి వెలయుటకును ఆయన ముఖ్యకారకు డయ్యెను. 1907లో జపానుకు పోయి టోకియో విద్యార్థి మహాసభలో పాల్గొనెను.

ఇంతవరకు చిక్కు లేదు. ఊరూర తిరిగి, తెలుగుదేశమునకు పొండని యువకులను ప్రేరేపించుట ఆయన పని. పొమ్మనువాడు తానేల పోరాదను ప్రశ్న ఆయనకే తట్టినది. పేరున్న పదవి, తెలిసిన భాష, చుట్టుప్రక్కల బంధువులు, పిల్లల చదువు, అన్నియు దక్షిణముననే యున్నవి. డోర్నకలులో ఏమున్నది? అడవి, చలిజ్వరము, ఉర్దూ కచ్చేరీలు, దొరల గడీలు, వెట్టి చాకిరిలో నలుగు మాల మాదిగ పల్లెలు. 1909లో ఆయన పురోహితదీక్ష గైకొని భార్యాబిడ్డలతో అచ్చటికి తరలివచ్చెను. మొదట వారి నివాసము డేరాలలోనే. చెన్నపట్టణమున సభలను శాసించిన వక్త ఇచ్చట ఓనమాలు దిద్దవలసివచ్చెను. చిన్ననాడు కులమువలన తాను పొందిన యవమానము, ఈ పల్లెలవారి మనస్సు తెలిసికొనుటకు తోడ్పడియుండునని నా యభిప్రాయము. సముద్రము దాటినవారిని మనము గొప్ప యాత్రికు లందుము. అజరయ్య సముద్రమును పలుమారులు దాటెను. కాని ఓడలో పోయినవాడు అతిథిగా పోయి తిరిగివచ్చును; ఈ రైలు ప్రయాణమునకు తిరుగుటపా లేదు.

డోర్నకలు చేరిన మరుసటి సంవత్సరమే, 1910 జూనులో, స్కాట్లండు దేశపు ఎడింబరో నగరమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభకు ఆయనకు పిలుపు వచ్చెను. సుమారు 1,200 మంది ప్రతినిధులలో ఆసియావాసులు ఇరువదికి లోపే. విదేశీయులకు, దేశీయులకు గల సహకార మను విషయముపై ఆయన ప్రసంగించెను. అతిథిమర్యాద పాటించి తీయని మాటలు చెప్పి దిగిపోవచ్చును. ఆయన అట్లు చేయలేదు. వచ్చిన దొరల త్యాగమును కొనియాడుచునే, వారు దేశీయులైన తోటిపనివారిని తమతో సమానముగా కూర్చుండబెట్టుకొనుట లేదని, యజమానులవలె మెలగుచున్నారని, కావలసినది స్నేహమని విప్పిచెప్పెను. సభలో కొందరు నొచ్చుకొనిరి. ఆనాటి యుపన్యాసములలో నేటికిని చరిత్రకారులు మరువని దిదియే.

1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా సెయింట్ పాల్ దేవాలయమున ఆయన డోర్నకలు బిషప్పుగా అభిషిక్తు డయ్యెను. ఆంగ్లికన్ సంఘమున ఆ పీఠమెక్కిన మొదటి భారతీయుడు ఆయనయే. భారతీయుని క్రింద ఆంగ్లేయులు పనిచేయుట యెట్లని కొందరు మిషనరీలు శంకించిరి; నాడారు మనకు పెద్దయా యని మనవారిలోనే మరికొందరు గొణిగిరి. ఆయన వాదమునకు దిగక ఎద్దులబండి కట్టించి పల్లెలకు పోయెను. మండలము పెరిగి కృష్ణా ప్రాంతమువరకు వ్యాపించెను. 1935 నాటికి సుమారు 250 మంది దేశీయ పురోహితులును, రెండువేలకు పైబడి గ్రామోపాధ్యాయులును ఆయన క్రింద పనిచేయుచుండిరి. ఈ యుపాధ్యాయులను గూర్చియే గ్రంథాలయ ప్రియులకు చెప్పవలసియున్నది. పలక బలపము ఎరుగని వాడలకు అక్షరమును మోసికొనిపోయినది పెక్కుచోట్ల వీరే. ఆరాధనలో ఇంగ్లీషు బాణీలకు బదులు తెలుగు కీర్తనలు, భజనలు వినబడవలెనని బిషప్పు కోరెను. పట్టా లేని ఈ విద్యార్థికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు బిరుద మొసగెను.

మతము మారుట తగునా యను వివాదము ఈ వ్యాసమున తేలునది కాదు. 1930 తరువాతి యేండ్లలో ఆ విషయమున ఆయనకు గాంధీమహాత్మునితో తీవ్రమైన భేదాభిప్రాయ మేర్పడినది. అయినను క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని గట్టిగా పలికినవాడును ఆయనయే. ఈ రెంటిలో ఒక్కదానినే చూపువారు ఆయనకు న్యాయము చేసినవారు కారు.

ఇరువది యేండ్లకు పైబడి సాగిన దేవాలయ నిర్మాణము ముగిసి, 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠ జరిగెను. 1919లో తరంగంబాడి సభనుండి ఆయన కలలుగన్న సంఘముల ఐక్యతమాత్రము ఆయన కండ్లయెదుట నెరవేరలేదు. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడినది. అప్పటికి రెండేండ్లు దాటినవి, 1945 జనవరి 1వ తేదీన అజరయ్య డోర్నకలులోనే కన్నుమూసి. దేవాలయపు ప్రక్కనే ఆయన సమాధి కలదు.