రేలీ ప్రభువు : శబ్దమునకు రెండవ ముఖము

వాల్వు రేడియోలు ఇంటింట మ్రోగిన రోజులలో బాలురకు ఒక వేడుక యుండెడిది. రేడియో పాడుచుండగా దానిని గోడనుండి కొంచెము జరిపి, వెనుకనున్న చిల్లుల అట్టకు చెవి యొగ్గి వినెడివారు. ముందువైపు గుడ్డతెర చాటునుండి వచ్చు పాటయే వెనుకనుండియు వినవచ్చెడిది. పాట ఒక్కటే, ముఖములు రెండు. ఈ రెండవ ముఖమునుండి వెలువడు శబ్దమును ఏమి చేయవలెను? దాని దారిన దానిని విడువవలెనా? పెట్టెలో బంధింపవలెనా? ఇంట కూర్చుండి సంగీతము వినువారికొఱకు లౌడుస్పీకరులను నిర్మించువారు నేటికిని ఈ ప్రశ్నయొద్ద రెండు పక్షములుగా చీలియున్నారు. పలకకు బిగించి ఇరువైపుల తెరచియుంచుట మేలని కొందరు, అన్నివైపుల మూసిన పెట్టెయే మేలని పెక్కుమంది. ఈ వివాదమునకు ఆధారమైన గణితమును చాలవరకు ఒక్క గ్రంథమున చూడవచ్చును. లౌడుస్పీకరు పుట్టకముందే వెలువడిన ఆ గ్రంథమునకు శ్రీకారము చుట్టినది నైలునదిపై ఒక పడవలో, మృత్యుముఖమునుండి అప్పుడే తప్పించుకొన్న ఒక రోగి.

ఆ రోగి పేరు జాన్ విలియమ్ స్ట్రట్. తరువాత లోకము ఆయనను రేలీ ప్రభువుగా ఎఱిగినది. 1842 నవంబరు 12వ తేదీన ఇంగ్లండులోని ఎసెక్సు మండలమున జన్మించెను. తండ్రి రెండవ రేలీ ప్రభువు, టెర్లింగు గ్రామమున వేల ఎకరముల భూస్వామి. బాలుని చదువు మాత్రము నిలుకడగా సాగలేదు. ఈటన్, హారో వంటి ప్రసిద్ధ పాఠశాలలలో చేరియు అనారోగ్యముచే ఎక్కడను ఎక్కువకాలము ఉండలేకపోయెను. 1861లో కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలలో చేరి, రౌత్ అను గణితాచార్యుని శిక్షణలో నాలుగేండ్లు కృషిచేసి, 1865 గణితపరీక్షలో అందరికన్న ప్రథముడై సీనియర్ రాంగ్లర్ బిరుదము నందెను. ప్రభువుల యింటి పెద్దకుమారుడు వేటలు, విందులు, పార్లమెంటు విడిచి ప్రయోగశాలను కోరుట ఆనాటి కులీనులకు వింతగానే తోచెను. 1868లో అమెరికాలో పర్యటించి వచ్చిన పిమ్మట ఆయన తన సొమ్ముతో పరికరములు కొని ఇంటియొద్దనే ప్రయోగములకు పూనుకొనెను.

కేంబ్రిడ్జిలో ఆయనను ఎక్కువగా ఆకర్షించినవి స్టోక్సు ఆచార్యుని ఉపన్యాసములు. గణితమును నల్లబల్లపై విడువక, ఎదుట ప్రయోగము చేసి చూపు అధ్యాపకుడు స్టోక్సు. పిదప ఆక్సుఫర్డు ఆచార్యుడు డాంకిన్ శబ్దశాస్త్రము చదువుమని ప్రోత్సహింపగా, అందుకై జర్మను భాష నేర్చి, హెల్మ్‌హోల్ట్సు రచించిన స్వరశాస్త్రగ్రంథమును శ్రద్ధతో పఠించెను. ఖాళీసీసా మూతిపై ఊదినచో ఒక స్వరము పలుకును గదా! సీసాలోని గాలి స్ప్రింగు వలె, మెడలోని గాలి ఆ స్ప్రింగునకు కట్టిన గుండువలె పనిచేయుచుండును. కడుపు ఎంత పెద్దదైన, మెడ ఎంత సన్నమైన, స్వరము అంత మంద్రమగును. ఈ అనునాదమును గూర్చి ఆయన వ్రాసిన వ్యాసము 1871లో వెలువడెను. ఆకాశమునకు నీలవర్ణము ఎట్లబ్బినదో నిరూపించినదియు ఆ సంవత్సరమే. ఎవెలిన్ బాల్ఫరును వివాహమాడినదియు ఆ సంవత్సరమే. ఆమె సోదరుడు ఆర్థరు బాల్ఫరు తరువాత బ్రిటిషు ప్రధాని యయ్యెను.

సుఖముగా సాగవలసిన ఆ కాపురమున 1872లో పెద్ద ఆపద వచ్చెను. కీళ్లవాతజ్వరము ఆయనను మంచమున పడవైచెను. ఒకదశలో ప్రాణము దక్కునన్న ఆశయే సన్నగిల్లినది. కోలుకొనిన పిమ్మట ఇంగ్లండు చలి పనికిరాదని, ఆ శీతకాలము ఈజిప్టులో గడుపుటకై భార్యతోను వదినె ఎలెనారుతోను బయలుదేరి, నైలునదిపై ఒక ఇంటిపడవలో కొన్ని నెలలు నివసించెను. దరినున్న దేవాలయములు చూచుటకు వెళ్లువారు వెళ్లుచుండిరి. ఆయన పడవగదిలో కూర్చుండి శబ్దశాస్త్రమును వ్రాయసాగెను. గ్రంథాలయము లేదు, ప్రయోగశాల లేదు, ఒంట బలము లేదు. అయినను ఆ గదిలో ఆరంభమైన శబ్దసిద్ధాంతము 1877, 1878 సంవత్సరములలో రెండు సంపుటములుగా వెలువడి ఆ శాస్త్రమునకు మూలస్తంభమయ్యెను.

ఆ గ్రంథమున స్టోక్సు చేసిన యొక చిన్నప్రయోగము వర్ణింపబడినది. ఏ పాఠశాలలోనైనను చేసి చూపదగినది. మ్రోగుచున్న శ్రుతిదండమును చేయి చాచి నిలువుగా పట్టుకొనవలెను. శబ్దము సన్నగా వినబడుచుండును. దాని కొమ్మ ప్రక్కన దళసరి కాగితమునో, వెడల్పైన కత్తిరేకునో, దండమునకు సమాంతరముగా, తగిలీ తగులనట్లు ఏటవాలుగా నిలుపవలెను. వెంటనే శబ్దము పెరుగును. కాగితము మ్రోగలేదు, దండము బలము పెరుగలేదు. మఱి ఏమి జరిగినది? కొమ్మ కదలునపుడు ఒకచోట గాలి నొక్కుకొనును, ఆ ప్రక్కనే పలుచనగును. నొక్కుకొన్న గాలి చెవిదాక పయనించుటకు మాఱుగా, దగ్గరిదారిన పలుచని చోటికి జారి లెక్క సరిపెట్టుకొనును. కాగితము ఆ దారికి అడ్డుపడినది. అడ్డుపడినంత మేరకు శబ్దము బయటి లోకమునకు దక్కినది.

అట్లయిన ఆ అడ్డు అనంతమైనదైనచో? అంతులేని గోడలో గుండ్రని రంధ్రము చేసి, అందు ముషలకము వలె ముందువెనుకలకు ఊగు బిళ్ల నొకదానిని అమర్చినట్లు భావించి, అది గాలిని ఎట్లు కదల్చునో, గాలి దానిని ఎంత బలముతో ఎదిరించునో రేలీ గణించెను. లోకమున అట్టి గోడ లేదు. అయినను నేటికిని లౌడుస్పీకరు గణితము ఆ లేని గోడతోనే మొదలగుచున్నది.

ఈ లెక్కలు ఇండ్లలోనికి దిగివచ్చుటకు ఇంచుమించు అర్ధశతాబ్ది పట్టెను. 1925లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన రైసు, కెలాగు అను ఇంజనీర్లు తీగచుట్టతో కదలు కాగితపు శంకువుగల లౌడుస్పీకరును వివరించిరి. శంకువు ముందుకు వచ్చినపుడు ఎదుట గాలి నొక్కుకొనును, వెనుక పలుచనగును. శ్రుతిదండము కథయే మరల వచ్చినది. వారు శంకువును పలకకు బిగించి ఆ దగ్గరిదారిని మూసిరి. బాఫిల్ అని పేరువడిన ఈ పలక స్టోక్సు కాగితమునకు పెద్దన్న. అయితే కాగితమునకున్న చిక్కే దీనికిని కలదు. గాలిలో శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. సెకనుకు 40 కంపనములు గల మంద్రస్వరపు తరంగదైర్ఘ్యము ఎనిమిదిన్నర మీటర్లు. ఒక మీటరు వెడల్పుగల పలకను దానికి అడ్డుపెట్టుట ఏటికి తడికె కట్టుట వంటిది. అట్టి పలకపై ఇంచుమించు 170 కంపనములకు దిగువనున్న స్వరములు క్రమముగా సన్నగిల్లును. వానిని నిలుపవలెనన్న శంకువు పెద్దదిగా ఉండవలెను, ఎక్కువ దూరము ఊగవలెను, పలకను వెనుకగోడకు ఎడముగా నిలుపవలెను.

పెట్టె ఈ చిక్కును ఒక్కదెబ్బతో తెంచును. వెనుకటి శబ్దము బయటికి రాదు గనుక ముందరి శబ్దమును చెరుపదు. కాని బంధించిన గాలి స్ప్రింగువలె బిగిసి శంకువును వెనుకకు నెట్టును. పెట్టె చిన్నదైనకొలది ఆ బిగువు ఎక్కువ. ఎడ్గార్ విల్చర్ 1954లో ఆ బిగువునే వాడుకొని, మిక్కిలి మెత్తని కట్టుగల శంకువును చిన్నపెట్టెలో అమర్చి లోతైన మంద్రమును రాబట్టెను. బెల్ ప్రయోగశాలకు చెందిన థురాస్ అంతకుముందే పెట్టెకు ఒక గొట్టపుద్వారము పెట్టి 1932లో పేటెంటు పొందియుండెను. ఆ పెట్టె మఱేమియు కాదు, రేలీ 1871లో లెక్కగట్టిన సీసాయే. పెట్టెకును దోషములు కలవు. దాని చెక్కలు తామును మ్రోగును. లోపల చిక్కుకొన్న శబ్దము పలుచని శంకువు గుండ మరల బయటపడును. నడిమిస్థాయిలోని కంఠస్వరమునకు, వీణకు, వయొలినుకు పెట్టెవాసన తగులుట అందువలననే. తెరచిన పలకకు ఆ మచ్చ లేదు. పైగా పలక అంచువైపున ముందువెనుకల శబ్దములు ఒకదానినొకటి రద్దుచేసికొనుటచే ప్రక్కగోడల ప్రతిధ్వని తగ్గును. 1957లో పీటర్ వాకర్ విక్రయమునకు తెచ్చిన క్వాడ్ విద్యుత్‌స్థితిక స్పీకరు ఇరువైపుల తెరచినదే. గాత్రమును అంత సహజముగా వినిపించినవి అరుదని నేటికిని పేరు నిలుపుకొన్నది. విశాలమైన గది యుండి, గాత్రముపై మక్కువ కలవానికి పలక తగును. మంచము, బీరువా, బల్ల ఇరికించుకొన్న గదిలో పెట్టెయే గతి. మన పాత రేడియో నడుమదారి పట్టినది. వెనుక తెరచిన పెట్టెయనగా నాలుగు అంచులు మడిచిన పలకయే గదా!

ఈ యంత్రములలో ఒక్కటియు రేలీ యింట మ్రోగలేదు. 1873లో తండ్రి మరణింపగా బిరుదమును, ఎస్టేటును ఆయనకు సంక్రమించెను. మూడేండ్లు గడచిన పిమ్మట సేద్యపు బాధ్యతను తమ్మునికి అప్పగించి తాను ప్రయోగశాలకు మరలెను. తమ్ముడు సమర్థుడు. కాలక్రమమున లండనులో రేలీ ప్రభువు పేరిట పాలదుకాణములు వెలసినవి. 1879లో మాక్సువెల్ మరణానంతరము కేంబ్రిడ్జి కావెండిషు ఆచార్యపదవిని స్వీకరించెను. పంటలకు ధరలు పడిపోయి కౌళ్లు తగ్గుటయు అందుకొక కారణము. ప్రభువునకును జీతము అక్కరకు వచ్చినది! అచట విద్యార్థులందరకు క్రమమైన ప్రయోగతరగతులు ఏర్పరచెను. 1882లో స్త్రీలకును పురుషులతో సమానముగా ఆ తరగతులలో ప్రవేశము కల్గెను. నైలుపడవలో వెంటనున్న ఎలెనారు, అప్పటికి శ్రీమతి సిడ్జ్‌విక్, విద్యుత్ప్రమాణముల నిర్ణయమున ఆయనకు తోడ్పడెను. 1884లో ఆ పదవిని వదలి టెర్లింగునకు వచ్చివేసెను.

గాలినుండి తీసిన నత్రజని రసాయనములనుండి తీసిన నత్రజనికంటె నూటికి అరవంతు బరువు తూగుచుండుట చూచి, దానిని తూనికదోషమని కొట్టివేయక పట్టువిడువని తపస్సు చేసెను. దాని ఫలము 1894లో రామ్సేతో కలిసి కనుగొన్న ఆర్గాన్ వాయువు, 1904 నోబెలు బహుమతి. ఆ సొమ్మును విశ్వవిద్యాలయమునకే ఇచ్చివేసెను. కాని ఆయన పెద్దమనసునకు మేలైన నిదర్శనము మఱొకటి కలదు. రాయల్ సొసైటీ కార్యదర్శిగా ఉన్నపుడు పాతకాగితముల నడుమ 1845 నాటి వ్రాతప్రతి యొకటి చేతబడెను. బొంబాయిలో ఈస్టిండియా కంపెనీ నావికులకు పాఠములు చెప్పుచుండిన వాటర్‌స్టన్ పంపినది అది. వాయువుల చలనమును గూర్చి తరువాతివారు కీర్తి గాంచిన సిద్ధాంతము అందు ముందే యున్నది. పరిశీలకులు త్రోసిపుచ్చిరి. వాటర్‌స్టన్ 1883లోనే గతించెను. రేలీ 1892లో ఆ వ్యాసమును పీఠికతో ప్రకటించి, మఱుగుపడిన ఉపాధ్యాయుని పేరు వెలికి తెచ్చెను.

శబ్దమును మాత్రము కడదాక విడువలేదు. టెర్లింగు పచ్చికబయలులో కన్నులు మూసికొని కూర్చుండి, ఇతరులు నలుదెసల నుండి మాటాడుచుండగా, శ్రుతిదండములు మీటుచుండగా, శబ్దము ఏ దిక్కునుండి వచ్చినదో పోల్చుకొనుచుండెడివాడు. ఎడమ కుడి సులభముగా తెలియుచుండెను. శుద్ధస్వరమైనచో ముందో వెనుకో తేల్చుట కష్టమయ్యెను. 1907లో దీనికి సమాధానము ప్రకటించెను. తారస్వరమైనచో తల అడ్డువచ్చి ఆవలి చెవికి శబ్దము తగ్గును, ఆ తేడా దిక్కును చెప్పును. మంద్రస్వరము తలను చుట్టి పోవును గనుక, రెండుచెవుల చేరు తరంగముల దశాభేదమే ఆధారము. రెండు స్పీకరుల నడుమ గాయకుడు ఎదుట నిలిచినట్లు తోచుట ఈ లెక్కమీదనే నిలిచియున్నది. పలక పక్షమువారు, పెట్టె పక్షమువారు కూడ దీనినే తమ వాదమునకు తెచ్చుకొందురు.

ఆయన గ్రంథమును చదివి శబ్దశాస్త్రమున అడుగిడిన భారతీయులలో సి.వి. రామన్ ముఖ్యుడు. తండ్రి అధ్యాపకుడగుటచే ఆయన బాల్యమున విశాఖపట్టణమున చదివెను, పిమ్మట మృదంగాదుల నాదమును పరిశోధించెను. సముద్రపు నీలము ఆకాశపు ప్రతిబింబమేనన్న రేలీ మాటను కాదని 1921లో నిరూపింపబూనినవాడును రామనే. అప్పటికి రేలీ లేడు. 1919 జూన్ 30వ తేదీన టెర్లింగులో కన్నుమూసి, ఆ ఊరి చర్చి ఆవరణలోనే సమాధి చేయబడెను. కావెండిషులో ఆయన వెనుక పీఠమెక్కిన జె.జె. థామ్సన్ 1921లో వెస్ట్‌మినిస్టరు ఆబీలో ఆయన స్మారకఫలకమును ఆవిష్కరించెను.