దారి చెప్పనక్కర్లేదన్న మనిషి: ఎడ్గార్ కాడ్

డీబీఎంఎస్ సబ్జెక్టులో ఎడ్గార్ కాడ్ అంటే మనకి పన్నెండు రూల్స్. ఎగ్జామ్ ముందు రోజు బట్టీ పట్టి, రాసేసి, మర్చిపోతాం. ఆయన జీవితం చదివితే మాత్రం ఆ రూల్స్ వెనక ఒక మొండి మనిషి కనిపిస్తారు.

1923 ఆగస్టు 19న ఇంగ్లండ్‌లోని పోర్ట్‌లాండ్ దీవిలో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో ఆఖరివారు. ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కలు, కెమిస్ట్రీ చదివారు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం నడిపారు. 1949లో ఐబీఎంలో ప్రోగ్రామర్‌గా చేరారు. అమెరికాలో సెనేటర్ మెకార్తీ చేసిన కమ్యూనిస్టుల వేట నచ్చక 1953లో కెనడా వెళ్లిపోయారు. కొన్నేళ్లకి తిరిగొచ్చి, 1965లో మిషిగన్‌లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. అప్పటికి నలభై దాటాయి.

ఆ రోజుల్లో ఐబీఎం డేటాబేస్ ఒక చెట్టులా ఉండేది. ఏ సమాచారం కావాలన్నా ప్రోగ్రామరే కొమ్మ కొమ్మా దిగాలి. హబ్సిగూడలో మనం అడ్రస్ చెప్పినట్టన్నమాట: మెట్రో దిగు, తార్నాక వైపు నడువు, మూడో సందు తిరుగు. మధ్యలో ఒక సందు మూసేస్తే అంతే సంగతులు. 1970లో కాడ్ తన పేపర్‌లో దీన్నే తప్పుపట్టారు. డేటాని టేబుల్స్‌లో పెట్టండి, ఏం కావాలో విలువలతో అడగండి, దారి మెషీనే వెతుక్కుంటుంది అన్నారు. సొంత కంపెనీకి అది మింగుడు పడలేదు, పాత పద్ధతి బాగానే అమ్ముడవుతోంది మరి. 1979లో ఒరాకిల్ ముందుగా మార్కెట్లోకి వచ్చేసింది. 1981లో కాడ్‌కి ట్యూరింగ్ అవార్డు వచ్చింది. పాత సరుకుకే రిలేషనల్ అని లేబుల్ అంటించి అమ్ముతుంటే ఊరుకోలేక, 1985లో ఆ రూల్స్ రాశారు. 2003 ఏప్రిల్ 18న ఫ్లోరిడాలో చనిపోయారు.

ఇప్పుడు ఎమ్మెస్ యాక్సెస్‌కి రండి. మెయిన్ ఫారంలో స్టూడెంట్, సబ్‌ఫారంలో అతని మార్కులు. సబ్‌ఫారంలోని విలువని క్వెరీలో వాడాలంటే వరసగా రాయాలి: ఫార్మ్స్, మెయిన్ ఫారం పేరు, సబ్‌ఫారం కంట్రోల్ పేరు, ఫారం అనే మాట, చివర బాక్స్ పేరు. మూడోది సబ్‌ఫారం సొంత పేరు కాదు, దాన్ని మెయిన్ ఫారంలో కూర్చోబెట్టిన కంట్రోల్ పేరు. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆ రెండు పేర్లూ ఒకటే కానక్కర్లేదు. మెయిన్ ఫారం మూసి ఉన్నా, ఒక పేరు మార్చినా, క్వెరీ ఆ విలువని మనల్నే టైప్ చెయ్యమంటుంది.

గమనించారా? కాడ్ తీసేసిన దారి మళ్లీ వచ్చేసింది! అయితే ఇక్కడ తప్పు యాక్సెస్‌ది కాదు. స్క్రీన్ మీద ఇప్పుడు ఏ వరస ఎంచుకున్నామో ఏ టేబుల్‌లోనూ ఉండదు, ఫారంకే తెలుసు. అది కావాలంటే దారి చెప్పాల్సిందే. కానీ సెమిస్టర్‌లో ఎవరికి ఎన్ని మార్కులొచ్చాయి అన్నది డేటా ప్రశ్న. దానికి ఫారం తెరిచి ఉండాల్సిన పనే లేదు. రోల్ నంబర్ మీద రెండు టేబుల్స్‌ని జాయిన్ చేస్తే చాలు.

ఈసారి మినీ ప్రాజెక్టులో క్వెరీ రాసేముందు ఒక్క క్షణం ఆగి చూడండి, మనం అడుగుతున్నది స్క్రీన్‌నా, డేటానా? ఆ తేడా కోసమే ఒక మనిషి సొంత కంపెనీతో ఏళ్ల తరబడి వాదించారు.