త్యాగరాజస్వామి నిత్యనియమము

శ్రీ త్యాగరాజస్వామి 1767వ సంవత్సరమున తిరువారూరులో తెలుగు కుటుంబమున జన్మించి, కావేరీతీరమందలి తిరువయ్యారులో స్థిరపడిరి. వారి కీర్తనల నెరుగనివారు అరుదు. వాని వెనుకనున్న దినచర్యను తలచువారు మాత్రము కొలదిమందియే.

స్వామి 21 సంవత్సరములలో 96 కోట్ల రామనామము జపించిరని సంప్రదాయము. అనగా దినమునకు ఇంచుమించు 1,25,000. సెకనుకు మూడు నామముల వంతున లెక్కించినను పదకొండు గంటలకు పైగా పట్టును! ఒకనాడు తప్పినచో మరునాటి భారము రెట్టింపగును. అంత పొద్దు మిగులవలెనన్న దేనినో విడువక తప్పదు. స్వామి విడిచినది రేపటికై కూడబెట్టు అలవాటును. ఉంఛవృత్తి నవలంబించి, వీథులలో హరినామము పాడుచు ఏనాటి గింజలు ఆనాడే తెచ్చుకొనెడివారు. తంజావూరు కొలువు పిలిచినను పోలేదు. అన్నగారికిది గిట్టలేదు. వారు కినిసి, స్వామి నిత్యము పూజించు శ్రీరామ విగ్రహమును కావేరిలో పడవైచిరని చెప్పుదురు. అది మరల దొరకువరకు స్వామి పడిన వేదన ఇంతింతనరానిది. అయినను కొలువుదారి తొక్కలేదు.

తుదిలో సన్న్యాసము స్వీకరించి, 1847 జనవరి 6వ తేదీన, పుష్య బహుళ పంచమినాడు సిద్ధిపొందిరి. ఏటేట ఆ తిథినాడు తిరువయ్యారులో సమాధియొద్ద ఆరాధన జరుగుచున్నది.