గోడ మీద అక్షరాలు.. రోడ్డు మీద ప్రాణాలు

స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ (ఆస్ట్రేలియా): పైన ఒక పెద్ద అక్షరం, కిందకి పోయేకొద్దీ చిన్నవయ్యే వరుసలు. కళ్ల డాక్టరు గదిలో ఈ చార్టు చూడనివాళ్లు మనలో ఉండరు. డ్రైవింగ్ లైసెన్సుకు చూపు సరిపోతుందా లేదా అన్నది తేల్చేదీ ఈ కొలతే. అయితే దీన్ని తయారుచేసిన మనిషి ఎవరో చాలామందికి తెలీదు. ఆయన పేరు హెర్మన్ స్నెల్లెన్. ఆయన పోయి వందేళ్లు దాటినా, మన జేబులోని లైసెన్సులో ఆయన వాటా ఇంకా ఉంది.

పేదల ఆసుపత్రిలో మొదలు

స్నెల్లెన్ 1834 ఫిబ్రవరి 19న నెదర్లాండ్స్‌లోని జైస్ట్ అనే ఊళ్లో పుట్టారు. పక్కనే ఉన్న యుట్రెక్ట్‌లో వైద్యం చదివి 1858లో డాక్టరు పట్టా అందుకున్నారు. ఆయన గురువు ఫ్రాన్సిస్కస్ డాండర్స్ యూరప్‌లో పేరుమోసిన కంటి శాస్త్రవేత్త. అదే ఏడాది డాండర్స్ యుట్రెక్ట్‌లో పేదవాళ్ల కోసం కంటి ఆసుపత్రి తెరిచారు. శిష్యుడు అందులో సహాయకుడిగా చేరారు.

అప్పటికి చూపు కొలవడానికి అందరూ ఒప్పుకున్న కొలబద్ద లేదు. వియన్నాలో జేగర్ అనే డాక్టరు 1854లో రకరకాల సైజుల్లో పాఠాలు అచ్చు వేయించి రోగులతో చదివించారు. కానీ ఒక ప్రెస్సు అక్షరాలు ఇంకో ప్రెస్సు అక్షరాలతో కలిసేవి కావు. సైట్లో ఒక్కో మేస్త్రీ టేపు ఒక్కో కొలత చూపిస్తే గోడ ఎలా లేస్తుంది? కంటి వైద్యం అప్పుడు అలాగే ఉండేది. డాండర్స్ ఆ కొలబద్ద తయారుచేసే పనిని శిష్యుడికి అప్పగించారు.

ఐదు గళ్ల అక్షరం

స్నెల్లెన్ మొదట గుర్తులతో ప్రయత్నించి, తర్వాత అక్షరాలకు వచ్చారు. ప్రెస్సు అక్షరాలను పక్కనబెట్టి, నిలువుకి ఐదు, అడ్డానికి ఐదు గళ్లు గీసి అందులో తనే అక్షరాలు కూర్చారు. గీత మందం ఒక గడి, అక్షరం ఎత్తు ఐదు గళ్లు. నిర్ణయించిన దూరం నుంచి చూసినప్పుడు ఒక గడి కంటి దగ్గర ఒక నిమిషం కోణం చేయాలి. థియోడలైట్ పట్టినవాళ్లకి ఈ నిమిషం కొత్తకాదు, డిగ్రీలో 60వ వంతు. అలా లెక్కేస్తే 6 మీటర్ల వరుసలో అక్షరం ఎత్తు 9 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ వస్తుంది.

1862లో ఈ చార్టు అచ్చయ్యేసరికి ఆయన వయసు 28 ఏళ్లు. కొద్దికాలానికే బ్రిటిష్ సైన్యం కూడా దీన్ని తీసుకుంది. దొర కన్నయినా కూలీ కన్నయినా ఇక కొలత ఒక్కటే. తర్వాత తెలుగు అక్షరాలతో వచ్చిన చార్టుల వెనక ఉన్నదీ ఈ సూత్రమే.

స్నెల్లెన్ అక్కడితో ఆగలేదు. 1877లో యుట్రెక్ట్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు. 1884 నుంచి 1903 దాకా ఆ కంటి ఆసుపత్రిని నడిపించారు. కన్ను పోయినవాళ్లకు అప్పట్లో పెట్టే గాజు కన్ను పలచని చిప్పలా ఉండేది, గుంటలో సరిగా నిలిచేది కాదు. 1898లో ఆయన చెప్పిన పద్ధతిలో లోపల బోలుగా, రెండు పొరలతో గుండ్రంగా ఉండే కన్ను తయారైంది. ఆయన కొడుకు కూడా కంటి డాక్టరే అయ్యారు.

ఆయన చూడని రోడ్డు

1908 జనవరి 18న స్నెల్లెన్ కన్నుమూశారు. సామాన్యుడికి కారు అందించిన ఫోర్డ్ మోడల్ టి అదే ఏడాది చివర్లో వచ్చింది. అంటే ఆయన చార్టు గీసింది డ్రైవర్ల కోసం కాదు. మంచి వెలుతురులో, కదలకుండా కూర్చున్న రోగి కోసం. ఈ తేడాని మనం గుర్తుపెట్టుకోవాలి.

ఆస్ట్రేలియాలో సొంత బండి తోలేవాళ్లకి కావాల్సిన చూపు 6/12. మంచి కన్ను 12 మీటర్ల నుంచి చదివేదాన్ని కనీసం 6 మీటర్ల నుంచైనా చదవగలగాలి. లారీలు, బస్సులు తోలేవాళ్లకి మంచి కంటిలో 6/9 ఉండాలి. అద్దాలతో ఆ చూపు వస్తే చాలు. లైసెన్సు మీద ఎస్ అనే అక్షరం వేస్తారు, అంటే అద్దాలు లేకుండా తోలకూడదని.

లెక్క చూడండి. 6/6 చూపు ఉన్నవాడు ఒక బోర్డును 120 మీటర్ల దూరం నుంచి చదివితే, 6/12 చూపు ఉన్నవాడికి అది 60 మీటర్ల దగ్గర కనిపిస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 28 మీటర్లు పోతుంది. ఆ తేడా రెండు సెకన్ల పైమాటే. ముందున్న బండి బ్రేకు వేస్తే మన కాలు కదలడానికి దొరికే టైము అదే.

చార్టు పట్టుకోలేనివి ఇంకా ఉన్నాయి. శుక్లం మొదలైతే పగలు వరుస చదివినవాడికే రాత్రి ఎదురు లైట్లలో అంతా తెల్లగా చెదిరిపోతుంది. నీటికాసుల జబ్బు పక్క చూపును నొప్పి లేకుండా తినేస్తుంది. షుగరు పెరిగి తగ్గుతుంటే చూపూ మారుతుంది. స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ బ్రిస్బేన్‌కి నైరుతి దిక్కున ఉంది. పొద్దున సిటీకి పోతుంటే ఎండ మొహాన కొడుతుంది, సాయంత్రం తిరిగొస్తుంటే మళ్లీ మొహానే. చలికాలంలో సైటుకు బయల్దేరేది చీకట్లోనే.

మన దగ్గర లైసెన్సు ఫారంలో 25 మీటర్ల దూరంలోని నంబరు ప్లేటు చదవగలనని రాసివ్వాలి. ఆ గడిలో బ్రోకరే టిక్కు పెట్టేయడం మనకు తెలిసిందే. ఇక్కడికొచ్చాక కూడా కొందరు కళ్ల సంగతి దాస్తారు. లైసెన్సు పోతే పని పోతుందని, ఓవర్‌టైం పోతుందని భయం. ఆ భయం అర్థమయ్యేదే. కానీ చాలా కేసుల్లో కావాల్సింది ఒక జత అద్దాలు మాత్రమే.

దాచడం చట్టానికీ విరుద్ధం. 2004లో మనకు దగ్గర్లోని లోగన్ మోటార్‌వే మీద డ్రైవరుకు మూర్ఛ వచ్చి జరిగిన ప్రమాదంలో ఒక పసివాడు చనిపోయాడు. ఆ తర్వాత క్వీన్స్‌లాండ్‌లో 2008లో జెట్స్ లా వచ్చింది. డ్రైవింగ్‌కు అడ్డొచ్చే జబ్బు చాలాకాలం ఉండేదైతే, కంటి జబ్బుతో సహా, రెన్యువల్ దాకా ఆగకుండా రవాణా శాఖకు చెప్పాలి.

మెడికేర్ ఉంటే 65 ఏళ్లలోపు వాళ్లకి మూడేళ్లకోసారి కంటి పరీక్షకు రాయితీ వస్తుంది. టెంపరరీ వీసా మీద ఉన్నవాళ్లు ముందు ఇన్సూరెన్సు చూసుకోండి, లేకున్నా పరీక్ష మానొద్దు. గదిలోకి వెళ్లాక వరుసను బట్టీ పట్టకుండా, ఊహించి చెప్పకుండా, కనిపించిందే చెప్పండి. రాత్రి పూట లైట్లు చెదురుతుంటే అడక్కపోయినా ఆ మాట కూడా చెప్పండి. చార్టు అడగని ప్రశ్న అదే.