కామెరన్ దొరసానిగారి గాజుగది

ప్రతి సంవత్సరము జూన్ మాసమున మన పాఠశాల ద్వారము నొద్ద నొక దృశ్యము కానవచ్చును. క్రొత్తగా చేరిన బాలుని ద్వారము క్రింద నిలువబెట్టి, తల దువ్వి, చొక్కా గుండీలు సరిచేసి, తండ్రియో మేనమామయో చేతిలోని ఫోనుతో ఫోటో తీయును. బాలుడు కదలును. తల్లి కోపించును. మరల తీయుదురు. శిశువు వేసిన తొలి యడుగు, క్రొత్త యింట పాలు పొంగిన క్షణము, తొలి జీతము తెచ్చిన నాడు తల్లి ముఖము, వీనిలో దేనినైనను చిత్రము లేకుండ విడుచుటకు మనవారి కిప్పుడు మనసొప్పదు. ఆరంభమును పట్టి నిలుపవలెనను నీ కోరిక సాధనములు దుర్లభములై యున్న దినములలో నెట్లు తీరెడిదో తెలుపుటకై, 48వ యేట నొక క్రొత్త విద్య నారంభించిన యొక స్త్రీ చరిత్రమును మా పాఠకుల కెఱిగింప నెంచితిమి.

జూలియా మార్గరెట్ గారు 1815 సంవత్సరము జూన్ 11వ తేదీన కలకత్తాలో జన్మించిరి. తండ్రి జేమ్స్ పాటిల్ గారు ఈస్టిండియా కంపెనీ కొలువులోని యుద్యోగి. తల్లి ఫ్రెంచి వంశమునకు చెందినది. ఈమె బాల్యమున విద్య నభ్యసించినది విశేషముగా ఫ్రాన్సు దేశముననే. 1836లో ఆరోగ్యము కొఱకు గుడ్‌హోప్ అగ్రమునకు పోయినప్పు డచ్చట నిరువురితో పరిచయము కలిగెను. ఒకరు దక్షిణాకాశపు నక్షత్రములను పరిశీలించుచున్న సర్ జాన్ హెర్షెల్ గారు. రెండవవారు ఈమెకంటె 20 ఏండ్లు పెద్దవారైన చార్లెస్ హే కామెరన్ గారు. 1838లో కలకత్తాలో కామెరన్ గారితో వివాహమయ్యెను. మెకాలే ప్రభువుతో కలిసి భారత శిక్షాస్మృతి ముసాయిదాకు పాటుపడిన వారిలో నీ దొరగారొకరు. ఆ శిక్షాస్మృతి 1860లో చట్టమై 2024 వఱకు మన దేశమున నమలులో నుండెను.

హెర్షెల్ గారి స్నేహము మాత్రము మన కథకు ముఖ్యమైనది. కాంతిచే పడిన ఛాయను చెరగకుండ నిలుపుటకు హైపో యను లవణ ముపకరించునని కనుగొన్నవారాయనయే. ఆయన 1842లో ఛాయాచిత్రముల మచ్చులు కొన్ని కలకత్తాకు పంపగా జూలియాగారు చూచి యాశ్చర్యపడిరి. అంతియే. ఇరువది యేండ్లకు పైగా ఆ విద్య జోలికి పోలేదు. కాపురము, అయిదుగురు కుమారులు, ఒక కుమార్తె, వీరు గాక చేరదీసిన యనాథ శిశువులు, ఎడతెగని యతిథులు. 1848లో కుటుంబము ఇంగ్లండు చేరెను. 1860లో వైట్ ద్వీపమందలి ఫ్రెష్‌వాటర్ గ్రామమున, టెన్నిసన్ కవిగారి యింటికి సమీపముననే, స్థిరపడి, సింహళములోని తమ తోటను తలచుకొని యింటికి డింబోలా యని పేరు పెట్టుకొనిరి.

1863 డిసెంబరులో దొరగారు కాఫీ తోటలు చూచుకొనుటకై సింహళమునకు పోయి యుండిరి. కుమారులు దూరముగా నుండిరి. కుమార్తెకు వివాహమై యత్తవారింట నుండెను. ఎప్పుడును జనముతో నిండి యుండిన యిల్లు బోసిపోయినది. తల్లి యొంటరితనమును గ్రహించి, కుమార్తెయు అల్లుడును ఆమెకొక కెమేరాను బహుమానముగా నిచ్చిరి. పొద్దు పుచ్చుకొనుటకు పనికివచ్చునని మాత్రమే వారి తలంపు.

ఆ కాలపు కెమేరా నేటి యాటవస్తువు కాదు. అది బరువైన పెద్ద కొయ్యపెట్టె. చిత్రము తీయదలచిన వారు ముందుగా గాజు పలకను మచ్చ లేకుండ తుడిచి, దానిపై కలోడియను అను జిగురు పదార్థమును పోసి, పలకను నలువైపులకు వంచుచు సమముగా పరపవలయును. పిమ్మట చీకటి గదిలో సిల్వర్ నైట్రేటు ద్రావణమున ముంచి, తడి యారకముందే కెమేరాలో నుంచి చిత్రము తీసి, మరల చీకటి గదికి పరుగెత్తి రసాయనములతో కడిగి ఛాయను పైకి తేవలెను. తడి యారెనా, పలక వ్యర్థము. ధూళి పడెనా, చిత్రమున చుక్క పడును. సిల్వర్ నైట్రేటు తగిలిన వ్రేళ్లు నల్లబడును. ఆ నలుపును పోగొట్టుకొనుటకు దొరసానిగారు సయనైడు వాడుచుండగా, అది ప్రాణాంతకమైన విషమని హెర్షెల్ గారు హెచ్చరింపవలసి వచ్చెను.

ఈ విద్యలో నోనమాలు సయితము తెలియకయే దొరసానిగారు పని కారంభించిరి. కెమేరా నెచ్చట నిలుపవలెనో, ఎదుటివారి రూపమును కటకములో స్పష్టముగా నెట్లు చూడవలెనో తెలియదు. పెరటిలోని బొగ్గుల కొట్టును చీకటి గదిగా మార్చిరి. పిల్లల కొఱకు కట్టించిన గాజు పలకల కోళ్లగూడు చిత్రములు తీయు గదియయ్యెను. కోళ్లను విడిచిపెట్టిరి. గ్రుడ్లమ్మి పిల్లలు సంపాదించుకొను చిల్లర డబ్బులు నాటితో నాగిపోయెను. అయినను గ్రుడ్డుతో సంబంధము తెగలేదు, ఏలయనగా ఆ దినములలో చిత్రములు ముద్రించు కాగితమునకు పూత పూయునది కోడిగ్రుడ్డులోని తెల్లసొనయే!

మొదట ఆమె యెదుట కూర్చుండిన వాడు గ్రామములోని యొక రైతు. గంటకు రెండున్నర షిల్లింగుల చొప్పున కూలి యిచ్చి యాతని కూర్చుండబెట్టెడివారు. ఎన్నో గంటలు, ఎంతో పైకము వ్యయమైన పిమ్మట ఒకనాడు పలకపై రైతు ముఖము స్పష్టముగా పడెను. ఆమె సంతోషమునకు మేర లేకపోయెను. ఆరుటకై పలకను పట్టుకొనినప్పు డా సంతోషములో చేయి తగిలి పూత చెదరి, చిత్రము తుడిచిపెట్టుకొని పోయెను. చూపుటకేమియు మిగులలేదు.

ఆమె కూలబడలేదు. ఇద్దరు బాలికలను కూర్చుండబెట్టిరి. నవ్వవలదని చెప్పినకొలది పిల్లలకు నవ్వు వచ్చుట మన తరగతులలో నిత్యము చూచుచునే యున్నాము. ఒక పిల్ల కిసుక్కుమని నవ్వెను. ఆ చిత్రమును పోయెను. ఇక ఇద్దరు వలదనుకొని, ఆనీ యను బాలిక నొక్కతెనే కూర్చుండబెట్టి, కదలినచో తన శ్రమయు రసాయనములును వ్యర్థమగునని ఆ చిన్నదానితో పెద్దవారికి చెప్పినట్లు చెప్పిరి. ఆనీ కదలలేదు. 1864 జనవరి మాసము చివరలో నిది జరిగెను. పలకపై బాలిక రూపము నిలిచెను. దొరసానిగారు ఆ పిల్ల కేమైన నియ్యవలెనని యిల్లంతయు వెదకుచు పరుగెత్తిరి. చిత్రము తీసినది తాను కాదు, ఆ పిల్లయే యని యామెకు తోచెను. ఆ దినముననే చిత్రమును కాగితముపై ముద్రించి, కడిగి, చట్రము కట్టించి, రాత్రికి బాలిక తండ్రి చేతిలో నుంచిరి. దానికి తన తొలి విజయమని పేరు పెట్టుకొనిరి.

ఆ చిత్రమును చూచిన వారు విశేషమేమని యడుగవచ్చును. దళసరి కోటు తొడిగికొనిన యొక చిన్నపిల్ల పక్కకు చూచుచున్నది. జుట్టు కొంచెము చెదరి యున్నది. అంతకన్న నేమియు లేదు. పండుగ బట్టలు లేవు, వెనుక తెర లేదు. ఆ కాలపు ఫోటో దుకాణములలో మనుష్యులను రాతి స్తంభము ప్రక్క కొయ్యబొమ్మలవలె నిలువబెట్టుచుండిన సంగతి తలచినచో, ఈ సాధారణతయే క్రొత్తయని మాకు తోచుచున్నది.

అది మొదలు ఆ యింట నెవ్వరికిని విశ్రాంతి లేదు. దాసీలు, ఇరుగుపొరుగు పిల్లలు, దారిని పోవు గ్రామస్థులు, విందునకు వచ్చిన పండితులు, అందరును కోళ్లగూటిలో కూర్చుండవలసినవారే. పరిచారిక మేరీ హిల్లియర్ అనేక పర్యాయములు కన్య మరియగా కూర్చుండెను. గిన్నెలు తోమిన చేతులతోనే పసిబిడ్డ నెత్తుకొని ఆమె చిత్రములలో నేటికి నిలిచి యున్నది. ఒక్కొక్క చిత్రమునకు కొన్ని నిమిషములు చలింపక యుండవలసి వచ్చుటచే పిల్లలు విసిగి ఏడ్చెడివారు. దాసీలు కాదనలేరు గదా, వారి యిష్టమెవ్వ రడిగిరి యను ప్రశ్న మాకును తోచక పోలేదు. సింహళము నుండి తిరిగి వచ్చిన దొరగారు మాత్రము ప్రతి చిత్రమును మెచ్చుకొనిరి. ఆమె తడి పలకలతో భోజనశాలలోనికి పరుగెత్తి వచ్చి చూపుచుండుటచే బల్లగుడ్డలన్నియు నల్లని మరకలతో పాడయ్యెను.

వీరిలో మేరీ రయన్ అను బాలిక కథ చెప్పదగినది. ఈమె తల్లితో కూడ లండను సమీపమున భిక్షమెత్తుచుండగా దొరసానిగారు కనుగొని యిరువురిని చేరదీసి, బాలికను తన యింట పెంచి చదువు చెప్పించిరి. మేరీ యింటిపనులు చేయుచు, చిత్రములకు కూర్చుండుచు పెరిగెను. లండనులో దొరసానిగారి చిత్రముల ప్రదర్శనమునకు వచ్చిన హెన్రీ కాటన్ అను యువకుడు ఆమె చిత్రమును, ఆమెను చూచి వరించెను. 1867లో వారి వివాహము జరిగెను. ఈ కాటన్ గారు మన కుంభకోణమున జన్మించినవారే. ఇండియన్ సివిల్ సర్వీసులో చేరి, అస్సాము చీఫ్ కమిషనరై తేయాకు తోటల కూలీల పక్షమున మాటలాడి తోటల యజమానుల కోపమునకు గురియై, 1904లో బొంబాయిలో జరిగిన కాంగ్రెసు మహాసభకు అధ్యక్షులైరి. వీథిలో చేయి చాచిన బాలిక లేడీ కాటన్ అయ్యెను.

దొరసానిగారి చిత్రములను లోకము వెంటనే మెచ్చలేదు. ఛాయాచిత్రకారుల సంఘమువారు, రూపురేఖలు మసకగా నున్నవి, పలకలపై గీతలు, చుక్కలు, వ్రేలిముద్రలు కనబడుచున్నవని యెగతాళి చేసిరి. అవి నిజములే. పూత పగిలిన పలకలను గూడ ఆమె పాఱవేయక ముద్రించెడివారు. కటకమును త్రిప్పుచు, కంటికి సౌందర్యము తోచిన చోట నాపివేసెడివారు. మఱింత స్పష్టత కొఱకు పోలేదు. కాని 1865లోనే లండనులోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియమువారు ఆమె చిత్రములను సంపాదించి భద్రపఱచిరి. టెన్నిసన్, కార్లైల్, డార్విన్ గార్లు ఆమె కెమేరా యెదుట కూర్చుండిరి. 1867లో హెర్షెల్ గారి యింటికే సామగ్రినంతయు మోసికొనిపోయి, ఆ వృద్ధ శాస్త్రజ్ఞుని తల కడిగించి, తెల్లని జుట్టు వెలుగువలె చెదరి కనబడునట్లు చిత్రము తీసిరి. తనకు తొలి మచ్చులను పంపిన గురువు ఋణ మట్లు తీర్చుకొనిరి కాబోలు.

పేరు వచ్చినంతగా ధనము రాలేదు. చిత్రముల నమ్మి యింటికి సాయపడవలెనని యామె కోరిక. సామగ్రికగు వ్యయమే దానిని మ్రింగెను. సింహళపు తోటల రాబడియు కుటుంబ వ్యయమునకు చాలదయ్యెను. 1873లో అంతకంటె గొప్ప దుఃఖము కలిగెను. కెమేరా నిచ్చిన కుమార్తె ప్రసవ సమయమున మరణించెను. మరుసటి యేట దొరసానిగారు తన గాజుగది వృత్తాంతమును వ్రాయ నారంభించిరి. అది పూర్తి కాలేదు. రైతు చిత్రము చెరిగిపోవుట, ఆనీ కదలక కూర్చుండుట, ఇవన్నియు మనకు తెలిసినది ఆ వృత్తాంతము వలననే.

1875లో, 60వ యేట, ఆమె మరల క్రొత్త దేశమున కాపురము పెట్టవలసి వచ్చెను. సింహళముపై దొరగారికి మక్కువ, కుమారులచ్చట నుండిరి. సామానులతో కూడ రెండు శవపేటికలను గూడ వెంట తీసికొని పోయిరి. ఆ మన్యపు తోటలలో తగినవి దొరకవేమోనని కాబోలు. సింహళమున ఆమె తీసిన చిత్రములు కొలదిగా మాత్రమే మిగిలినవి. వానిలో కళుతర ప్రాంతపు గ్రామస్థులు, తోటలలోని కూలీలు కనబడుదురు. ఫ్రెష్‌వాటర్ దాసీల పేర్లు మనకు తెలియును గాని, వీరిలో పెక్కుమంది పేర్లు తెలియవు. పాత పాఠశాలల బృందచిత్రములలో ముందు వరుస కుర్చీలవారి పేర్లుండి వెనుక నిలిచినవారి పేర్లు లేకుండుట చూచునప్పుడు కలుగు బాధయే ఈ చిత్రములు చూచినప్పుడును మాకు కలుగుచున్నది.

పండ్రెండు పదమూడేండ్లలో ఆమె తీసిన చిత్రములలో 1,200 కు పైగా నేడు లెక్కకు వచ్చినవి. 1879 జనవరి 26వ తేదీన డికోయా లోయలోని కుమారుని తోటలో ఆమె కన్ను మూసిరి. బొగవంతలావలోని చిన్న దేవాలయపు ఆవరణమున ఆమెను సమాధి చేసిరి. మరుసటి సంవత్సరము దొరగారిని గూడ ఆమె ప్రక్కనే యుంచిరి.