జి.రాంరెడ్డి

ఆచార్య గడ్డం రాంరెడ్డి (1929 - 1995) తెలుగువాడైన విద్యావేత్త, ప్రభుత్వ పాలనాశాస్త్ర పండితుడు. భారతదేశంలో సార్వత్రిక విద్యకు ఆద్యుడిగా ప్రసిద్ధుడు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయమైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ, ఆ తరువాత ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ (ఇగ్నో) ఈయనే వ్యవస్థాపక ఉపకులపతి. 1991 నుండి 1995 వరకు విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యు.జి.సి) అధ్యక్షుడిగా పనిచేశాడు.

== తొలి జీవితం ==
రాంరెడ్డి కరీంనగర్ జిల్లా మైలారం గ్రామంలో జన్మించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ పాలనాశాస్త్ర ఆచార్యుడిగా పేరు తెచ్చుకున్నాడు. ఈయన పరిశోధన ప్రధానంగా పంచాయతీరాజ్ వ్యవస్థ, గ్రామీణ పాలన, పేదలకు ఉద్దేశించిన ప్రభుత్వ పథకాల అమలు అనే అంశాల మీద సాగింది. 1959లో రాజస్థాన్ తరువాత పంచాయతీరాజ్‌ను ప్రవేశపెట్టిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ కావడం వలన, ఈ అధ్యయనానికి కావలసిన సామగ్రి ఈయనకు సొంత రాష్ట్రంలోనే లభించింది.

జి.హరగోపాల్‌తో కలిసి 1985లో ప్రచురించిన ఒక వ్యాసంలో పల్లెలలోని పైరవీకారు గురించి వ్రాశాడు. కార్యాలయానికీ గ్రామస్థుడికీ నడుమ నిలిచి పనులు చేయించిపెట్టే ఈ మధ్యవర్తిని తెలుగు పేరుతోనే అంతర్జాతీయ పరిశోధకులకు పరిచయం చేసిన వ్యాసమిది. సామాన్యుడికీ ప్రభుత్వ సంస్థకూ మధ్యనున్న దూరాన్ని ఇంత దగ్గరగా పరిశీలించిన వ్యక్తి, విశ్వవిద్యాలయానికీ పల్లెకూ మధ్యనున్న దూరాన్ని తగ్గించే పనికి పూనుకోవడం సహజమే అనిపిస్తుంది.

== ఉస్మానియా ఉపకులపతిగా ==
రాంరెడ్డి 1977 నుండి 1982 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉన్నాడు. 1977లోనే అక్కడ కరెస్పాండెన్స్ కోర్సుల సంస్థ ఏర్పడింది. అప్పటికి ఈ పద్ధతి దేశానికి కొత్త కాదు. 1962లోనే ఢిల్లీ విశ్వవిద్యాలయం దీనిని ఆరంభించింది. అయితే అచ్చువేసిన పాఠాలను తపాలాలో పంపి, సంవత్సరాంతంలో పరీక్ష పెట్టడమే చాలాచోట్ల ఈ కోర్సుల స్వరూపంగా ఉండేది. ప్రవేశానికి అర్హతలు మామూలు కళాశాలల అర్హతలే. చదువు మధ్యలో ఆపినవారికి ఇందులో చోటు లేదు.

== ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ==
బ్రిటన్‌లో 1969లో రాజశాసనం పొంది, 1971లో బోధన ప్రారంభించిన ఓపెన్ యూనివర్సిటీ ప్రపంచ దృష్టిని ఆకర్షించింది. అటువంటి సంస్థ ఆంధ్రప్రదేశ్‌లో సాధ్యమేనా అన్న విషయాన్ని పరిశీలించడానికి రాష్ట్ర ప్రభుత్వం రాంరెడ్డి అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. ఆ సంఘం సిఫారసులను అనుసరించి శాసనసభ చట్టం చేయగా, 1982 ఆగస్టు 26న విశ్వవిద్యాలయం ఏర్పడింది. అప్పటి ముఖ్యమంత్రి గుంటూరు జిల్లా ముప్పాళ్ళకు చెందిన భవనం వెంకట్రామిరెడ్డి. ఆయన పదవిలో ఉన్నది ఏడు నెలలకు లోపే అయినా, ఆ స్వల్పకాలంలో జరిగిన ఈ పని మాత్రం నిలిచిపోయింది. రాంరెడ్డి మొదటి ఉపకులపతిగా 1985 వరకు కొనసాగాడు.

ఇంటర్మీడియట్ లేనివారు సైతం ఒక అర్హత పరీక్షలో ఉత్తీర్ణులై డిగ్రీలో చేరవచ్చుననేది ఈ విశ్వవిద్యాలయం తెచ్చిన అతిపెద్ద మార్పు. దీని అర్థం తెలియాలంటే పల్నాడులోని దుర్గి వంటి ఊరిని తలచుకోవాలి. అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉన్న దుర్గి రాతి శిల్పాలకు ప్రసిద్ధి. కళాశాల చదువు అంటే మాచర్లకో, 1950లో శ్రీ సుబ్బరాయ అండ్ నారాయణ కళాశాల ఏర్పడిన నరసరావుపేటకో వెళ్ళవలసిందే. చిన్నతనంలోనే బడి మాని ఉలి పట్టినవాడికి, సేద్యంలో దిగినవాడికి, పెళ్ళితో చదువు ఆగిపోయిన స్త్రీకి ఆ దారి కూడా మూసుకుపోయినట్లే. పని మానకుండా, ఊరు విడవకుండా, తెలుగులో డిగ్రీ చదివే అవకాశం ఇటువంటి వారి కోసమే కల్పించబడింది.

== బోధనా విధానం ==
ప్రవేశాన్ని సులభం చేయడం కంటే, చేరినవారికి దూరం నుండి బాగా బోధించడం కష్టమైన పని. పాఠ్యపుస్తకాన్నే ఉపాధ్యాయుడిగా మలచడం ఇందుకు మొదటి మెట్టు. తరగతిలో విద్యార్థి ముఖం చూసి, అర్థం కాలేదని గ్రహించి, అధ్యాపకుడు మళ్ళీ చెబుతాడు. అచ్చు పాఠానికి ఆ వీలు లేదు. అందువలన ప్రతి పాఠం మొదట దాని లక్ష్యాలు, మధ్యమధ్య విద్యార్థి తన్ను తాను పరీక్షించుకొనే ప్రశ్నలు, వాటికి జవాబులు, చివర ముఖ్యపదాల వివరణ ఉండేలా పాఠాలను రూపొందించారు. ఒకరు వ్రాసిన పాఠాన్ని మరొకరు సరిచూసే పద్ధతి వచ్చింది. డిగ్రీ స్థాయి శాస్త్రవిషయాలను ఒంటరిగా చదువుకొనేవారికి తెలిసే తెలుగులో వ్రాయించడం ఇందులో భాగమే. ఈ పుస్తకాలను ఆ తరువాత పోటీపరీక్షలకు సిద్ధమయ్యేవారు కూడా విరివిగా చదివారు.

రెండవది అధ్యయన కేంద్రం. విశ్వవిద్యాలయం ఊరూరా కొత్త భవనాలు కట్టలేదు. అప్పటికే ఉన్న కళాశాలలలో కేంద్రాలను నెలకొల్పి, సెలవురోజులలో ఆ గదులనూ, ప్రయోగశాలలనూ, అక్కడి అధ్యాపకులనూ వినియోగించుకుంది. ఈ అధ్యాపకులను కౌన్సిలర్లు అన్నారు. వీరి పని ఉపన్యాసం ఇవ్వడం కాదు, ఇంటివద్ద చదువుకొని వచ్చినవారి సందేహాలు తీర్చడం. అలవాటుకొద్దీ కౌన్సిలర్లు మామూలు పాఠం చెప్పడం, చదవకుండా వచ్చినవారు అదే కోరుకోవడం ఈ పద్ధతికి ఎప్పుడూ ఉన్న బలహీనత. ఆకాశవాణి ద్వారా ప్రసారమైన పాఠాలు, ఆడియో, వీడియో క్యాసెట్లు దీనికి తోడయ్యాయి. క్యాసెట్ వినే సాధనం లేని ఇళ్ళు ఎక్కువ కనుక, అచ్చు పుస్తకమే ప్రధానంగా ఉండి మిగిలినవి సహాయకంగా ఉన్నాయి. చేరినవారిలో చాలామంది మధ్యలోనే మానివేయడం అన్ని దేశాల సార్వత్రిక విశ్వవిద్యాలయాలకూ ఉన్న సమస్య. ఇక్కడా అది తప్పలేదు.

== ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ==
1985లో పార్లమెంటు చట్టం ద్వారా ఏర్పడిన ఇగ్నోకు రాంరెడ్డి ప్రథమ ఉపకులపతిగా వెళ్ళి 1989 వరకు పనిచేశాడు. హైదరాబాదులో రూపొందిన పద్ధతి అక్కడ దేశవ్యాప్తంగా విస్తరించింది. కేంద్ర కార్యాలయం, ప్రాంతీయ కేంద్రాలు, అధ్యయన కేంద్రాలు అనే మూడంచెల నిర్మాణం ఏర్పడింది. విద్యార్థి చేయవలసిన ముప్పై గంటల అధ్యయనాన్ని ఒక క్రెడిట్‌గా లెక్కించారు. ఇంటివద్ద వ్రాసి పంపిన అసైన్‌మెంట్లను దిద్ది, వ్యాఖ్యలతో తిప్పి పంపడం బోధనలో ముఖ్యభాగమైంది. 1987లో 4,528 మంది విద్యార్థులతో రెండు కోర్సులు మొదలయ్యాయి. ఒకటి మేనేజ్‌మెంట్ డిప్లొమా. రెండవది దూరవిద్యలోనే డిప్లొమా, అనగా ఈ పద్ధతిలో బోధించవలసినవారికే శిక్షణ. కొత్త సంస్థ తన తొలి రెండు కోర్సులలో ఒకదానిని ఇందుకు కేటాయించడం గమనించదగినది.

అదే దశకంలో కోట, పాట్నా, నాసిక్‌లలో కూడా సార్వత్రిక విశ్వవిద్యాలయాలు వెలిశాయి. రాంరెడ్డి ఆ తరువాత, అప్పట్లో కెనడాలోని వాంకూవర్ కేంద్రంగా ఉండిన కామన్వెల్త్ ఆఫ్ లెర్నింగ్ సంస్థకు ఉపాధ్యక్షుడిగా కూడా వ్యవహరించాడు.

== యు.జి.సి. అధ్యక్షుడిగా ==
దూరవిద్యలో పొందిన డిగ్రీ తక్కువరకం అనే అభిప్రాయం సంప్రదాయ విశ్వవిద్యాలయాలలో బలంగా ఉండేది. కష్టపడి పట్టా పొందిన వ్యక్తికి పై చదువులో గాని ఉద్యోగంలో గాని దానిని గుర్తించకపోతే, తెరిచిన తలుపు మళ్ళీ మూసినట్లే. రాంరెడ్డి అధ్యక్షుడిగా ఉన్న కాలంలో, 1992 ఫిబ్రవరిలో, ఇగ్నో పట్టాలను ఇతర విశ్వవిద్యాలయాల పట్టాలతో సమానంగా పరిగణించాలని యు.జి.సి. ఉత్తరువు పంపింది. విశ్వవిద్యాలయాల ఆర్థిక వనరులపై జస్టిస్ పున్నయ్య సంఘం నియామకం, 1994లో బెంగుళూరులో నాక్ స్థాపన కూడా ఈయన హయాంలోనే జరిగాయి.

== రచనలు ==
పంచాయతీరాజ్‌పై 1977లో సంకలనం వెలువరించాడు. సార్వత్రిక విశ్వవిద్యాలయాలపై 1988లో ఈయన సంపాదకత్వంలో వచ్చిన ఆంగ్ల గ్రంథం, దంతపు గోపురాల తలుపులు తెరుచుకున్నాయన్న అర్థం వచ్చే పేరుతో వెలువడింది. భారతదేశంలో ఉన్నత విద్యపై వ్రాసిన పుస్తకం 1995లో వచ్చింది.

== మరణం, తరువాత ==
రాంరెడ్డి 1995 జూలై 2న మరణించాడు. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1991లోనే డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మారింది. హైదరాబాదు జూబిలీహిల్స్‌లో అది ఉన్న దారికి ఈయన పేరు పెట్టారు. 1977లో ఉస్మానియాలో మొదలైన కరెస్పాండెన్స్ సంస్థ ఇప్పుడు ఆచార్య జి.రాంరెడ్డి దూరవిద్యా కేంద్రం. ఇగ్నో ఈయన పేరిట స్మారకోపన్యాసాలు నిర్వహిస్తున్నది.

2017లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన స్వయం వేదికలోని ప్రతి కోర్సులో వీడియో పాఠం, చదువుకొనే సామగ్రి, స్వయంగా పరీక్షించుకొనే ప్రశ్నలు, సందేహాలు చర్చించే చోటు అనే నాలుగు భాగాలుంటాయి. క్యాసెట్టు, అచ్చుపాఠం, అందులోని ప్రశ్నలు, ఆదివారపు కేంద్రం రూపంలో 1980లలో విద్యార్థులకు అందినవి దాదాపు ఇవే. 2021 నిబంధనల ప్రకారం మామూలు కళాశాలలో చదివే విద్యార్థి కూడా ఒక సెమిస్టరులో 40 శాతం వరకు కోర్సులను స్వయం ద్వారా చేయవచ్చు.